పైకప్పు మీద పేట బజారు

మా పక్క షాపు టైలర్ బాబాయ్ పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. షట్టర్ సగం ఎత్తి, మిగతా సగం ఎత్తలేక మెట్టు మీద కూర్చున్నారు. నా సెల్ షాపు తెరుస్తూ చూసి, ఆయాసమేమో అనుకుని మంచినీళ్లు పట్టుకెళ్లాను. అప్పటికే అయిపోయింది. నరసరావుపేటలో మీలో చాలామంది ఆయన కుట్టిన చొక్కాలు తొడిగినవాళ్లే కదా, నాలుగు మాటలు రాయమని బజారు వాళ్లు అడిగారు. రాసే ఓపిక లేదు గానీ రాయకపోతే ఇంకా బరువుగా ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు. షాపులు పక్కపక్కన ఉండటంతో ఆయన్ని బాబాయ్ అనీ, వాళ్లావిడని పిన్ని అనీ పిలవడం అలవాటైపోయింది. ఆ పిన్ని మేడ మెట్ల మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బ తగిలి మంచాన పడింది. కాళ్లూ చేతులూ కదలవు, మెడ పక్కకి తిరగదు. మాట మాత్రం బాగానే ఉంది. వెల్లకిలా పడుకుని రోజంతా పైకప్పు చూస్తూ ఉండేది. గోడకి టీవీ ఉంది, అది ఆమెకి కనపడదు. కొన్నాళ్లకి మాట్లాడటం కూడా తగ్గించేసింది. బాబాయ్‌కి భయం పట్టుకుంది అక్కడే.

ఒకరోజు కత్తెర పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చారు.

"ఒరేయ్ అబ్బాయ్, పిల్లలకి గోడ మీద బొమ్మేసి పాఠాలు చెప్పే మిషను ఉంటదే, అది గోడ మీదే పడుద్దా, పైన కూడా పడుద్దా?"

"ప్రొజెక్టరా? ఎటు తిప్పితే అటు పడుద్ది బాబాయ్. ఎందుకు?"

"మీ పిన్నికి ఆ ఫ్యాను రెక్కలు చూసీ చూసీ విసుగొచ్చింది రా."

మూతపడిన కోచింగ్ సెంటర్ ఒకటి సామాను అమ్ముతోందని తెలిసి ఇద్దరం వెళ్లాం. వాడిన ప్రొజెక్టర్ కొనాలంటే లోపలి దీపం ఎంతసేపు వెలిగిందో మెనూలో చూడాలి. నేను అది చూస్తుంటే బాబాయ్ అదురు ఎట్లా ఉందో చూడ్డానికి మిషను మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. కుట్టు మిషను కొనేటప్పుడూ అంతేనట. తర్వాత ఆ సెంటర్ ఆయనతో, "దీన్ని ఆపబాకండి. మేం పోయి టీ తాగొస్తాం. వచ్చేటప్పటికి ఎలుగుతుంటే మాది" అన్నారు. నిదానంగా తాగి వచ్చాం. వెలుగుతూనే ఉంది. బొమ్మలో మాత్రం అక్కడక్కడా తెల్లటి చుక్కలు కనిపించాయి. లోపల చిప్పు పాతబడితే అట్లా వస్తాయి, తీసుకోవద్దని చెవిలో చెప్పాను.

"చుక్కలుంటే ఉండనీ రా. చూసేది పైకేగా."

మా తిప్పలు ఇంటికి తెచ్చాక మొదలయ్యాయి. ఆ పాత మిషన్ని నిలబెట్టి పైకి చూపిస్తే వేడి బయటికి పోక దీపం పాడవుతుంది. బాబాయ్ ఆలోచించి షాపులో ట్రయల్ అద్దం ఊడదీసుకొచ్చారు. ప్రొజెక్టర్ని స్టూలు మీద మామూలుగానే పెట్టి, ముందు అద్దాన్ని ఏటవాలుగా ఆనించాం. బొమ్మ అద్దానికి తగిలి పైకప్పు మీద పడింది. అడ్డమొస్తోందని సీలింగ్ ఫ్యాన్ విప్పి టేబుల్ ఫ్యాన్ పెట్టాం. కిటికీలకి దుప్పట్లు కట్టాం. నా సెల్లో మా మేనకోడలి పెళ్లి భోజనాల వీడియో ఉంటే అదే వేశాను.

పిన్ని కళ్లు భోజనాల బంతి వెంట కదిలాయి. తర్వాత, "ఏందయ్యా, మీ చుట్టాలంతా ఎడంచేత్తో తింటన్నారు?" అంది.

అద్దంలోంచి రావడంతో కుడీ ఎడమా తారుమారయ్యాయి. అది మాకు తట్టనే లేదు. బాబాయ్ పైకి చూసి, "చేతుల సంగతి తర్వాత. ఆ చొక్కాల గుండీలు చూడు, అన్నీ ఆడోళ్ల వైపు కుట్టాడు ఎవడో ఎదవ" అన్నారు.

పిన్ని నవ్వింది. పడ్డ తర్వాత ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. మెనూలో సరిచేసే సెట్టింగ్ ఉంది, మారుస్తానని రిమోట్ తీసుకుంటే బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నారు. "అట్టానే ఉండనీ."

సినిమాలు ఆమెకి నాలుగు రోజుల్లో మొహం మొత్తాయి. బజారు చూడాలంది. అప్పటినుంచి బాబాయ్ షాపు తెరవబోయే ముందు సెల్‌తో వీడియో తీస్తూ ఊరంతా తిరిగేవారు. పత్తి లారీలు, కోటప్పకొండ రోడ్డు, కూరగాయల మార్కెట్టు, ఏది కనపడితే అది. మార్కెట్టులో వంకాయలమ్మే ఆవిడ సెల్లోకి చూస్తూ తిట్టేది: "ఏమే, ఎన్నాళ్లు పడుకుంటావు? మీ ఆయన ఏరిన కాయలన్నీ పుచ్చులే. లేసొచ్చి నువ్వే ఏరుకో." పిన్ని మంచం మీద నుంచే పైకప్పుకేసి జవాబు చెప్పేది: "పుచ్చు కాయలమ్మేది నువ్వు, మా ఆయన్ని అంటావేందే."

రెడీమేడ్లు వచ్చాక గిరాకీ తగ్గింది, చూపు తగ్గింది, మోకాళ్లు అరిగాయి. అయినా తిరిగేవారు. ఓ రోజు మానుకోవచ్చుగా అంటే, "తను తిరగలేదుగా. ఇద్దరి తిరుగుడూ నాదే" అనేవారు. మధ్యాహ్నం వీడియో పెట్టి కుర్చీలో కూర్చోగానే నిద్రపోయేవారు. పిన్ని లేపేది కాదు. అయిపోయాక మాత్రం ఎలాగో మెలకువ వచ్చేది. బొమ్మ ఆపేసినా లోపలి ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. అది ఆగకుండా ప్లగ్గు పీకితే దీపం మాడిపోతుందని కొన్నప్పుడే ఆయనకి చెప్పాను, అందుకని అది ఆగేదాకా కదలకుండా కూర్చునేవారు. "దాన్ని చల్లబడనీ. అదీ కష్టపడిందిగా" అనేవారు.

మొన్న పిన్ని కబురు పెట్టింది. వెళ్లేసరికి బొల్లాపల్లి నుంచి వచ్చిన ఆమె చెల్లెలు కిటికీలకి దుప్పట్లు కడుతోంది.

"ఆయన తీసినయి వెయ్యి అయ్యా."

బాబాయ్ సెల్ ప్రొజెక్టర్‌కి తగిలించి ఒక్కోటీ వేశాను. "ఇదిగో చూడు, పూలకొట్టు మార్చారు." "ఇక్కడ గుంట తవ్వారు, ఆటోలన్నీ ఇట్టా తిరిగొస్తన్నయ్." గొంతు ఉంది, మనిషి లేడు. ఎప్పుడూ తీసేది తనే కాబట్టి ఒక్కదాంట్లో కూడా కనపడరు.

"ఒక్కసారన్నా సెల్ తన మొహం వైపు తిప్పుకోకపోయాడే" అంది చెల్లెలు.

"రేపట్నుంచి నేను తీసుకొస్తా పిన్నీ" అన్నాను.

"నువ్వు తీస్తే నీ గొంతొచ్చుద్ది. చూద్దాంలే."

ఆఖరిది ఆ మంగళవారం పొద్దునే, షాపుకొచ్చే ముందు తీసింది. ఎండ వీపున పడుతున్నట్టుంది, రోడ్డు మీద ముందు పొడుగాటి నీడ నడుస్తోంది. వంగిన భుజాలు, ఎత్తి పట్టుకున్న రెండు మోచేతులు.

"ఆపు. అక్కడ ఆపు."

ఆపాను. పైకప్పు ఆ గోడ నుంచి ఈ గోడ దాకా బాబాయ్ నీడ, దాని మీద ఆ తెల్ల చుక్కలు. చివరికి పిన్నే అంది.

"ఇంక కట్టెయ్ అయ్యా. వేడెక్కుద్ది."

కట్టేశాను. నీడ పోయింది. చెల్లెలు దుప్పటి తీయబోయి ఆగిపోయింది. చీకట్లో ప్రొజెక్టర్ లోపలి ఆ చిన్న ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా ముగ్గురం అట్లాగే ఉన్నాం.