ఫానీ ముందు మోరాగ్

మోరాగ్‌ని ఏడేళ్లుగా మా ఊరు నెత్తిన పెట్టుకుంది. ఆవిడ బాధ అదేనని మా మట్టిబుర్రలకు తట్టలేదు.

స్కాట్లండ్‌లో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. ఒక వేసవిలో పది రోజులు గడుపుదామని మా దక్షిణ ఫ్రాన్సుకు వచ్చి, తిరుగు టికెట్ చింపేసి, గుస్తావ్ పాత మేకల కొట్టం కొనుక్కుని ఉండిపోయింది. రొట్టెల కొట్లో ఆవిడ కనిపిస్తే చాలు, వరసంతా పక్కకు జరిగి ముందుకు పంపేసేవాళ్లం. రెజీన్ తన బార్‌లో ఒక్కసారి కూడా పర్సు తియ్యనివ్వలేదు. ఇనుప గుండ్ల ఆట చూడటానికి వస్తే నీడలో కుర్చీ వేసేవాళ్లం. ఆట మాత్రం ఆడనిచ్చేవాళ్లం కాదు. రోజూ పొద్దున్నే మైదానంలో ఒక్కతే గుండ్లు విసురుకుంటూ ఉండేది. నేను మంగలి షాపు తలుపు తీస్తూ చూసి, పాపం, పొద్దుపోక కాబోలు అనుకునేవాణ్ణి. నాకు బుద్ధుంటే కదా.

పోయిన జూలైలో పక్క ఊరితో పోటీ. జట్టుకు ముగ్గురు కావాలి: గుస్తావ్, నేను, ఇంకొకడు. మా మూడోవాడు ఆ పొద్దున నిచ్చెన మీంచి జారి నడుం పట్టేయించుకున్నాడు. మా కెప్టెన్ గుస్తావ్ తల గోక్కుంటూ నా దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్ ఒనొరా, ఇంకెవరున్నార్రా?"

"మోరాగ్ ఉందిగా."

"అతిథిని ఎండలో నిలబెడతావా? సిగ్గులేదూ?"

ఆవిడ అప్పటికే గుండ్ల సంచీ భుజాన వేసుకుని నా వెనకే నిలబడి ఉంది. "నా ఎండ సంగతి నేను చూసుకుంటాలే గుస్తావ్. ముందు నీ బట్టతల మీద టోపీ పెట్టుకో," అంది.

ఊరంతా మైదానం చుట్టూ మూగింది. చిన్న కొయ్య గోలీకి ఎవరి గుండు దగ్గరగా ఉంటే వాళ్లకే పాయింటు, ముందు పదమూడు పాయింట్లు చేసినవాళ్లదే గెలుపు. వాళ్లు ఎనిమిదికి చేరారు, మాది సున్నా. వాళ్లు పన్నెండు, మాది సున్నాయే. ఆఖరి గుండు మోరాగ్ చేతిలో ఉంది. గోలీని ఆనుకుని ఉన్న వాళ్ల గుండును కొట్టి తప్పించాలి. విసిరింది. టంగుమని తగిలింది. నేను ఎగిరి గంతేశాను. ఆ గుండు పోయింది గానీ, దాని వెనక బెత్తెడు దూరంలో వాళ్లదే ఇంకోటి ఉంది. పదమూడు, సున్నా.

ఒక్క పాయింటైనా రాకుండా ఓడినవాళ్లు ఫానీ ముందు మోకరిల్లాలి. అది మా తాతల నాటి ఆనవాయితీ. రెజీన్ బార్‌ గోడకు చిన్న తెర వెనక ఉంటుంది ఫానీ, అటు తిరిగి గౌను పైకెత్తుకున్న కొయ్యబొమ్మ. దాని పిరుదులకు ముద్దు పెట్టాలి. రెజీన్ గంట కొట్టి తెర తీసింది. జనం విరగబడి నవ్వుతున్నారు. గుస్తావ్ పెట్టాడు, నేను పెట్టాను. మోరాగ్ మోకాళ్లు వంచబోతుంటే గుస్తావ్ మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"మీకెందుకమ్మా ఇవన్నీ. మీరు అతిథి. కూర్చోండి, చల్లగా ఏదైనా తాగండి."

అందరూ అవునవునన్నారు. రెజీన్ తెర లాగేసింది. మోరాగ్ మొహం జేవురించింది.

"ఏడేళ్లయింది నేనొచ్చి," అంది. "మీతో కలిసి ఓడిపోవడానికి కూడా పనికిరానా నేను?"

పొద్దున్నే ఒంటరిగా గుండ్లు విసిరే మనిషి నా కళ్లముందు మెదిలింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తెర తియ్ రెజీన్," అన్నాను. "నువ్వు తప్పుకో గుస్తావ్."

మోరాగ్ మోకాళ్ల మీద కూర్చుంది. చివరి బల్ల దాకా వినిపించేలా ముద్దు పెట్టింది. బార్ దద్దరిల్లిపోయింది. గెలిచినవాళ్లు కూడా బల్లలు చరిచారు.

"ఓడినవాళ్లే అందరికీ పోయించాలి. పర్సు తియ్ మోరాగ్," అంది రెజీన్.

మర్నాడు రొట్టెల కొట్లో ఆవిడ అలవాటు ప్రకారం ముందుకు రాబోయింది. గుస్తావ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి? మేమంతా గడ్డి పీకుతున్నామా ఇక్కడ? వెనక్కెళ్లు."

మోరాగ్ వరస చివరికి వెళ్లి నిలబడింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.