సగంలో ఆగిన గుండు

మా అత్త లెక్క ప్రకారం నా కొడుకు ఇట్లా ఉండటానికి కారణం సగం గుండు.

వాడికి ఏడాది నిండాక పుంగనూరు దాటి గుట్ట మీదున్న గంగమ్మ దగ్గర పుట్టెంట్రుకలు తీయించబోయాం. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించడం ఆచారం కాబట్టి మా అన్న ఒడిలో కూర్చోబెట్టారు. తలకు కత్తి తగలగానే వాడు ఎంత ఏడ్చాడంటే మొహం నీలమైపోయింది. కుడిపక్క అయ్యేసరికి అందరికీ భయమేసి ఆపేసి కిందికి దిగొచ్చేశాం. తర్వాత కొన్నేళ్ళకు బెంగుళూరులో డాక్టరమ్మ వాడికి ఆటిజమూ, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని చెప్పింది. కుప్పంలో ఉన్న మా అత్తకు ఫోన్ చేసి చెప్పాను.

"నేను సెప్పలా? అమ్మోరి మొక్కు సగంలో ఇడిస్తే ఊరికే పోతాదా?" అంది.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమనే మాట మా ఇంట్లోనే పుట్టి ఉంటుంది. ఎందుకంటే మా పాపకు అదే గుట్ట మీద గుండు పూర్తిగానే అయింది. కత్తి కింద అది కిలకిలా నవ్వింది కూడా. కానీ దానికీ ఆ రెండూ ఉన్నాయని తేలింది. ఇప్పుడైనా మా అత్త మాట మారుస్తుందనుకున్నాను. "అన్నకు మిగిలింది సెల్లెలికి తగిలింది" అంది.

రెండూ ఒకే పిల్లాడిలో ఉండటమంటే ఏమిటో మదనపల్లెలో మా ఇంటికి వచ్చిన చుట్టాలకు నేను బస్సు ఉదాహరణతో వివరిస్తాను. ఆటిజమేమో రోజూ అదే బస్సు, అదే కిటికీ సీటు కావాలంటుంది. ఏడీహెచ్‌డీయేమో ఆ సీట్లో నిమిషం కూర్చోనివ్వదు. సీటు దొరక్కపోతే ఏడుపు, దొరికితే లేచి పరుగు. మా పాపకైతే పరుగంతా నోట్లోనే ఉంది, అడిగిందే అడుగుతుంది. విన్నవాళ్ళు "రెండు దెబ్బలేస్తే సరి" అని సలహా ఇచ్చి, నా కాఫీ తాగి పోతారు.

వాడికి తొమ్మిదేళ్ళు వచ్చినా తల దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. నిద్రపోతున్నప్పుడు నేనే అక్కడక్కడా కత్తిరిస్తూ వచ్చాను. పోయిన వేసవిలో మా అత్తా, మా అన్నా మాట్లాడుకుని, ఈసారి మొక్కు తీర్చేయాలని నిర్ణయించారు.

"నలుగురం పట్టుకుంటే అయిపోతాది మ్మా. యాల అంత బయపడతావు?" అన్నాడు మా అన్న.

నాకు ఒళ్ళు మండింది. వాడికి సొంతంగా వచ్చే మాటలే తక్కువ. వద్దు అనడం రాక కొరికేవాడు. ఇప్పుడు మనవాళ్ళే నలుగురు కలిసి అదిమిపెడితే, రేపు బడిలోనో బజార్లోనో ఎవరేం చేసినా వద్దనే హక్కు తనకుందని వాడికెట్లా తెలుస్తుంది? నా భయం గుండు గురించి కాదు, దీని గురించి. వాడంతట వాడు కూర్చునేట్టు నేను చేస్తాను, అంతవరకూ ఎవరూ చెయ్యి వేయకూడదు అని చెప్పాను. మా అత్త మొదట అరిచింది, తర్వాత బతిమాలింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నేను దేనికీ లొంగలేదు.

వాడికి ప్రాణం బస్సులు. సాయంత్రాలు బస్టాండుకు తీసుకుపోతే కండక్టర్ల అరుపులన్నీ మోసుకొస్తాడు. అందుకని ఇంట్లో మా ఆయన్ను బస్సును చేశాం. కుర్చీలో కూర్చుంటే నేను ట్రిమ్మరుతో ఆయన గడ్డమూ మీసమూ గీస్తాను. వాడు కండక్టరు. "రైట్ రైట్" అంటే ట్రిమ్మరు నడుస్తుంది, "హోల్డాన్" అంటే ఆగుతుంది. ఎక్కడంటే అక్కడే ఆగుతుంది. మా ఆయన ఒక సోమవారం సగం మీసంతో ఆఫీసుకు పోయాడు, ఎందుకంటే కండక్టరు మళ్ళీ రైట్ అనలేదు. మంచి మనిషి. తర్వాత ట్రిమ్మరు వాడి మోచేతి మీదికి వచ్చింది, చెవి పక్కకు వచ్చింది. కొరకడం తగ్గి, బువ్వ దగ్గర కూడా హోల్డాన్ మొదలైంది.

అనుకున్న రోజు మా అత్త కుప్పం నుంచి వి.కోట మీదుగా వచ్చింది, మా అన్నా వచ్చాడు. గుట్టెక్కాం. గుండు చేసే ఆయనకు హోల్డాన్ సంగతి చెప్పాను. కత్తి కాకుండా మా ట్రిమ్మరే ఇచ్చాను. ఆయన నవ్వి, "సరేమ్మా, నేనే డ్రైవరు" అన్నాడు. మా వాడు పీట మీద తనంతట తనే కూర్చున్నాడు.

"రైట్ రైట్." నడిచింది. "హోల్డాన్." ఆగింది. వాడు లేచి ఒక చుట్టు తిరిగొచ్చి కూర్చున్నాడు. "రైట్." అట్లా ఆగుతూ నడుస్తూ కుడిపక్కంతా అయిపోయింది. మా అత్త చేతులు జోడించి నిలబడింది. అప్పుడు కిందెక్కడో డప్పు మోగింది.

"హోల్డాన్" అన్నాడు వాడు, రెండు చెవులూ మూసుకుని.

ట్రిమ్మరు ఆగింది. డప్పూ ఆగింది. వాడు మాత్రం రైట్ అనలేదు. అందరం వాడి నోటివైపే చూస్తున్నాం. మా పాప "రైట్ అను, రైట్ అను" అని వాడి చుట్టూ తిరిగింది. అనలేదు.

"ఇంక ఉండేది సగమే గదా, పట్టుకోండప్పా" అని మా అన్న ముందుకు వంగాడు.

"చెయ్యి తియ్యి అన్నా. హోల్డాన్ అన్నాడు, వినపళ్ళా?" అని అరిచాను. గుట్టంతా విన్నట్టుంది.

"మళ్ళా సగమేనా? మళ్ళా అమ్మోరికి సగమేనా?" అని మా అత్త ఏడుపు మొదలుపెట్టింది.

వాణ్ణి లేపి, ఆ పీట మీద నేను కూర్చున్నాను. జడ విప్పాను. "మిగతాది నా తల్లో తీయప్పా" అన్నాను. ఆయన తటపటాయించి, "సగమా, పూర్తిగానామ్మా?" అని అడిగాడు. వాడికి ఎడమపక్క మిగిలింది కాబట్టి నాకూ ఎడమపక్కే తీయమన్నాను. మా ఆయన నా జడపిన్నులు అందుకున్నాడు. సగం మీసంతో ఆఫీసుకు పోయిన మనిషికి ఇదో లెక్కా.

మా అత్త ఏడుపు ఆపింది. తర్వాత కింద పడిన వాడి వెంట్రుకలూ నా వెంట్రుకలూ ఒకే గుడ్డలో మూట కట్టి, గుడివైపు తిరిగి, "ఇద్దరిదీ కలిపి ఒగ గుండు తల్లీ. ఇంక అడగొద్దు" అంది. నాతో మాత్రం, "నువ్వు మొండిదానివి మే" అంది.

పుంగనూరులో మదనపల్లె బస్సెక్కాం. వాడికి కిటికీ సీటు దొరికింది. నేను తల నిండా కొంగు కప్పుకున్నాను. బస్సులో వాళ్ళంతా వాడి సగం గుండు చూసి గుసగుసలాడుతున్నారు. ఒకామె నవ్వింది కూడా. వాడొక్కణ్ణే ఎందుకు చూడాలి అనిపించింది. కొంగు తీసేశాను.

బస్సంతా ఒక్కసారి నోరు మూసుకుంది. వాడు నా తలవైపు చూశాడు, బోడిపక్క అరచెయ్యి పెట్టి ఒకసారి నిమిరాడు.

"రైట్ రైట్" అన్నాడు.