మునిరామయ్య తాగని బీడీ

మొగిలి కొండ కింద నాలుగూళ్లకు కరెంటు తీగలు చూసే లైన్‌మన్ చిన్నబ్బ. పద్దెనిమిదేళ్లలో అతను ఎక్కని స్తంభం లేదు, సంగటి తినని ఇల్లు లేదు. ఉన్నదల్లా ఒకటే చెడ్డ అలవాటు, బీడీ. దానికోసమే మేకల మునిరామయ్యతో అతనికి రోజూ తగాదా.

కొండవాలులో, ఆ తీగలకు కాస్త ఎగువన మునిరామయ్య మేకల దొడ్డి. చిన్నబ్బ బీడీ నోట పెట్టుకోగానే ముసలాయన కర్ర ఎత్తేవాడు.

"ఆర్పు అబ్బా. బోదగడ్డి అంటుకునిందంటే నా మేకలకు మేత మీ ఆఫీసోళ్లు తెస్తారా?"

"నీకు వాసన పడదని కొండకంతా కట్టుబాటు పెట్టినావే అన్నా."

"పెట్టినా. పో, రాతిమీద నలిపి రా."

నవ్వుకుంటూ నలిపి వచ్చేవాడు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో, గాలులు రాకముందే తీగలకు తగిలే కొమ్మలన్నీ కొట్టి పుస్తకంలో రాయమని ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. కొండ కింద దేవకమ్మ మామిడితోపులో రెండు కొమ్మలు తీగలోకి దూరి ఉన్నాయి. చిన్నబ్బ దోటికి కొడవలి కట్టుకొని పోయేసరికి దేవకమ్మ చెట్టుకు అడ్డం నిలబడింది.

"రెండేండ్లు పూతే నిలబడలేదు చిన్నబ్బా. ఈసారి కొమ్మ వంగేట్టు కాసింది. కోత కానీ, నేనే మనిషిని పెట్టి కొట్టిస్తా."

"గాలొస్తే నిప్పు రాలతాదక్కా."

"నెల్లాళ్లలో ఏం గాలొస్తాది? రా, మజ్జిగ తాగిపో."

తాగాడు. ఆ మజ్జిగ తాగిన చేతితో కొడవలి ఎత్తలేకపోయాడు. ఎలాగూ నెలకు కొట్టేదే కదా అని సాయంత్రం పుస్తకంలో 'దేవకమ్మ తోపు, కొమ్మలు కొట్టడమైనది' అని రాసి సంతకం పెట్టాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం సుడిగాలి లేచింది. కొమ్మ తీగను కొట్టింది, తీగ తీగను కొట్టింది, రవ్వలు ఎండుగడ్డిలో రాలాయి. మంట కొండమీదికి పాకింది. మునిరామయ్య మేకలను బయటికి తోలేశాడు. గంప కింద మూసిపెట్టిన రెండు మేకపిల్లలు గుర్తొచ్చి వెనక్కి పోయాడు. పిల్లలను గోడ అవతలికి విసరగలిగాడు గానీ, తాను రాలేకపోయాడు.

ఊళ్లకు మళ్లీ కరెంటు ఇవ్వాలంటే ఆ కొమ్మలు తీయాల్సిందే. ఆ సాయంత్రమే చిన్నబ్బ వాటిని నరికాడు. 

మర్నాడు ఆఫీసరు వచ్చి తోపు చూశాడు, పుస్తకం చూశాడు.

"అంతా శుభ్రంగా ఉండాది కదప్పా. ఇంక మనమీదికి రాదు. మేకలోడు బీడీ తాగి పారేసుంటాడు."

చిన్నబ్బ నోరు తెరిచాడు. ఇంట్లో ఉన్న ఆరు నోళ్లు గుర్తొచ్చి మూసుకున్నాడు.

వారానికి కాగితం వచ్చింది. మేకల కాపరి పారేసిన బీడీవల్ల కొండ కాలిందని, ఆఫీసుకు బాధ్యత లేదని. పోయిన మనిషి మీద నింద ఎందుకని బీడీ మాట ఎవరూ గట్టిగా అనలేదు. మెల్లగా మాత్రం అందరూ అన్నారు. మునిరామయ్య పెళ్లాం సుబ్బులమ్మ వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పుకుంది. "ముప్పై ఏండ్లు కాపురం చేసినా. ఆయన నోట్లో వేపపుల్ల తప్ప ఇంకోటి చూడలేదు."

పదకొండోనాడు తళిగ వేశారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి మొక్కడం అక్కడి ఆనవాయితీ. సుబ్బులమ్మ సంగటి పెట్టింది, ఊరుబిండి పచ్చడి పెట్టింది. పలమనేరు నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన, మునిరామయ్యను చూసి ఎన్నేళ్లయిందో ఏమో, "ఆశ తీరనీలే" అంటూ జేబులోంచి బీడీకట్ట తీసి ఆకు పక్కన పెట్టాడు.

సుబ్బులమ్మ ఆ కట్టవంక చూసింది.  అందరూ తలలు దించుకున్నారు.

చిన్నబ్బ ముందుకు వచ్చి కట్ట తీసుకున్నాడు.

"ఇవి మునిరామన్నవి కావు. నావి. ఆయప్ప నా చేత కూడా ఆర్పించినాడు." కొమ్మల సంగతి, పుస్తకంలో రాత, అన్నీ చెప్పేశాడు.

దేవకమ్మ కొంగు నోట కుక్కుకుంది. "నేనే కదప్పా వద్దనింది," అంది.

"ఈ మాట పదిదినాలు కడుపులో ఎట్ల పెట్టుకున్నావు అబ్బయ్యా?" అంది సుబ్బులమ్మ. "నాకు చెప్పినావు, సరే. ఆ కాగితం రాసినోళ్లకు చెప్తావా?"

"చెప్తా వదినా."

మర్నాడు ఆఫీసులో ఆఫీసరు తలెత్తకుండానే అన్నాడు. "రాసింది నువ్వు, సంతకం నీది. ఇప్పుడు కాదంటే పోయేది నీ ఉద్యోగమే."

చిన్నబ్బ రాసిచ్చాడు. ఉద్యోగం పోయింది.

ఆరునెలలకు సుబ్బులమ్మకు ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. చదవడానికి చిన్నబ్బనే పిలిపించింది. అతను గడపదగ్గర నిలబడి చదివాడు. మంటకు కారణం తెలియరాలేదని రాశారు.

"బీడీ మాట లేదా?"

"లేదు వదినా."

"తీగ మాట?"

"అదీ లేదు."

ఇంకోసారి చదవమంది. చదివాడు. సుబ్బులమ్మ కాగితం మడిచి నడుముకు దోపుకొని, మంటలోంచి బతికిన ఆ రెండు మేకపిల్లలకు ఆకు వెయ్యడానికి పెరట్లోకి పోయింది. ఎన్నడొచ్చినా చాప పరిచే మనిషి, ఆవేళ కూర్చోమని మాత్రం అనలేదు.