తంబూర్‌కి పట్టిన మైకు

ఎనభైల మొదట్లో మేము న్యూజెర్సీలో, ఐసెలిన్‌కి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా పక్కింట్లో సూడాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లోనే ఆయనకీ ఉద్యోగం. ఆదివారాలు తంబూర్ వాయించేవారు. పేరు విని మన తంబురా అనుకున్నాను. చూస్తే చెక్క గిన్నెకి తోలు బిగించి, రెండు కర్రలు నిలబెట్టి, పైన అడ్డకర్రకి గుడ్డ పేలికలతో అయిదు తీగలు చుట్టారు. కుడిచేత్తో తీగలన్నీ ఒక్కసారే మీటుతూ, పలకకూడని వాటిని ఎడమచేతి వేళ్లతో అదిమిపట్టేవారు. వయొలిన్ నేర్చుకున్న నా చెవికి అది మోహన రాగానికి దగ్గరగా వినిపించేది. నైలు ఒడ్డున వాళ్ల ఊళ్లో అది మోగకుండా పెళ్లి జరగదట.

మా తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్‌లో వాయించమని నేనే బతిమాలి తీసుకెళ్లాను. తెల్లటి పొడుగు చొక్కా వేసుకుని, తలపాగా చుట్టుకుని వచ్చారు. పాట సగానికి రాకముందే మా సంఘం ప్రెసిడెంటు స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు.

"తీగలు ట్యూన్ చేసుకోవడం అయిపోయినట్టుంది. ఇక ప్రోగ్రామ్ స్టార్ట్ చేద్దాం" అన్నాడు.

హాలంతా నవ్వింది. ఎందుకు నవ్వారని ఆయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తంబూర్‌ని దుప్పట్లో చుట్టుకున్నారు. నాకు మాత్రం నెలల తరబడి, అన్నం ముందు కూర్చున్నా ఆ నవ్వే వినిపించేది. ఆ ప్రెసిడెంటుకి అదే స్టేజీ మీద బుద్ధి చెప్పాలని కాచుకుని కూర్చున్నాను.

ఆ ఏడాదే అతని కూతురి భరతనాట్యం ప్రోగ్రామ్ పెట్టుకున్నారు. చుట్టుపక్కల వయొలిన్ వాయించేదాన్ని నేనొక్కదాన్నే. భార్యని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కాఫీ ఇచ్చి, నిదానంగా చెప్పాను.

"వాయిస్తాను అన్నయ్యగారూ. ముందు మా పక్కింటాయన తంబూర్ ఉంటుంది. మీరే ఇంట్రడ్యూస్ చెయ్యాలి. పాట అయ్యేదాకా మైకు మీరే పట్టుకోవాలి."

"స్టాండ్ ఉంటుంది కదమ్మా."

"స్టాండ్ వద్దు. మీరే పట్టుకోవాలి."

అతని మొహం మాడిపోయింది. భార్య మాత్రం వెంటనే ఒప్పేసుకుంది.

పక్కింటాయన మొదట రానంటే రానన్నారు. మైకు పట్టేది ఎవరో చెప్పాక, పాట మొత్తం అతనే పట్టుకుంటాడా అని అడిగారు. అవునన్నాను. అయితే వస్తానన్నారు.

ఆయన పొట్టి స్టూలు మీద కూర్చుని వాయించారు. ప్రెసిడెంటు సూట్ వేసుకుని, నడుం వంచి, తీగల దగ్గర మైకు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి చెయ్యి మార్చుకున్నాడు. మెడ మీద చెమట కారింది. పాట అయిపోయిందనిపించి లేవబోయేసరికి తీగలు మళ్లీ మోగాయి. ఒళ్లో వయొలిన్ పెట్టుకుని తనివితీరా చూశాను. తెర పక్కన గజ్జెలతో నిలబడ్డ అతని కూతురు తండ్రి వైపు చూడనేలేదు. ఆ తీగల్నే చూస్తూ, మడమతో తాళం వేస్తోంది. చివరికి హాలంతా ఆ తాళానికే చప్పట్లు కొట్టింది.

తిరిగొస్తూ కారులో, మీ పాట ఇంత పొడుగా అని అడిగాను.

"చిన్నదే," అన్నారాయన. "అతను లేవబోయినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టాను."

ఆ తర్వాత సంఘంవాళ్లు నన్ను దేనికీ పిలవలేదు. ఆయన్ని మాత్రం ప్రతి ఉగాదికీ పిలిచేవాళ్లు. ఆయన ఒక్కసారి కూడా వెళ్లలేదు.