తెల్లగా దిగిన మందు

మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు గాజు ఫ్లాస్కు లోపలి గోడను గాజుకడ్డీతో ఓపిగ్గా గీకుతుంటాడు. అలా గీకితే జిడ్డులాంటి ద్రవంలోంచి మందు స్ఫటికాలుగా దిగుతుంది. ఇంట్లో కాఫీ కప్పునూ చెంచాతో గీకుతుంటే, "అందులోనూ మందు దిగుతుందేమిట్రా" అంటుంది అక్క. నాన్ననూ అన్ననూ నడివయసులోనే పొట్టన పెట్టుకున్న కొలెస్ట్రాల్ ఆమెకూ ఉంది. ఇంకా పరీక్షల్లో ఉన్న ఈ మందుతోనే అది తగ్గింది. కానీ వాడినవాళ్లలో కొందరి కాలేయం దెబ్బతినడంతో ఇవాళ పరీక్షలు ఆపేశారు. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"నాకేం కాలేదు కదరా. నువ్వు చేసేదేగా, కాస్త తెచ్చిపెట్టు."

"నీ కాలేయం సంగతి రేపెలా ఉంటుందో తెలీదక్కా."

"గుండె సంగతి తెలుసుగా."

ఫ్లాస్కులో అప్పుడే తెల్లగా స్ఫటికాలు దిగుతున్నాయి. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ఫ్లాస్కును వ్యర్థాల డబ్బాలోకి వంచాడు.

"ఏంట్రా ఆ చప్పుడు?"

"ఏం లేదక్కా, గ్లాసులు కడుగుతున్నా."