కప్పు కొట్టి చూసేటాయన

గోదావరిఖని బస్టాండులో మృత్యువుకు ఎదురు వెళ్లిన వీరగాథ ఇది. నిజానికి నేను వెళ్తున్నది ఒక లెక్కల మనిషి దగ్గరికి. మా రెండు టిప్పర్లు తొమ్మిదయ్యాక, వారానికి రెండు రోజులు వచ్చి డబ్బు వ్యవహారాలు చూసే ఫైనాన్స్ డైరెక్టర్ కావలసి వచ్చాడు. ఆయన అన్నీ చూసి, వ్యాపారం మునిగిందంటాడేమోనని నా భయం. బస్సు రాకపోతే బాగుండుననుకున్నాను.

ఒక పెద్దాయన కూర్చోబోయే ముందు గొడుగు కొనతో షెడ్డు కప్పును రెండుసార్లు కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఏంది కాకా?"

"బొగ్గుబాయిల పనిచేసిన అలవాటు బిడ్డా. డొల్ల సప్పుడొస్తే కింద కూసోవద్దు."

భయంలో నా గోడంతా ఆయనకు చెప్పేశాను.

"మా తాన కప్పు కొట్టి చూసేటాయన తట్టెడు బొగ్గు తియ్యడు. కొట్టి చూసి పోతడు, గంతే. డొల్ల అంటడని ఆయన కట్టె మేమెన్నడన్న దాచినమా?"

"డొల్ల అంటే ఎట్ల?"

"కప్పు కూలకుంట కింద మొద్దులు నిలబెట్టుకుంటం. చెప్పకపోతే గద భయం."

తన బస్సు రాగానే ఎక్కుతూ దాని కప్పునూ కొట్టాడు. కండక్టరు తిట్టాడు.

మా డైరెక్టరుగారు మొదటిరోజే డొల్ల అన్నారు. నాలుగు టిప్పర్లు అమ్మేశాం. ఆయన మంగళ, శుక్రవారాల్లో వస్తారు. బస్సు చార్జీ మాదే.