కింది గూటిలోని డిస్కు

కడపలో మాది బండల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. అంగడిలో గేటు పక్కనుండే దొంతరను అహోబిలం అంటారు, గోడవారనుండే దాన్ని మహానంది అంటారు. మా మామగారి కాలం నుంచీ అంతే. అహోబిలంలో బండలన్నీ అమ్ముడుపోయి కొత్త లోడు దిగినా అది అహోబిలమే. పేరు చోటుకే గానీ రాయికి కాదు.

రెండు వేల ఏడులోనో ఎనిమిదిలోనో మా ఆయన ఒక నెట్‌వర్క్ డబ్బా కొన్నాడు. రెండు డిస్కులు పట్టే డబ్బా. ఇంట్లో కంప్యూటరుకీ, అంగడిలో కంప్యూటరుకీ కిటికీలోంచి వైరు లాగాడు. డిస్కులకు ఏం పేర్లు పెట్టాలని కంప్యూటరు అడిగితే రెండో ఆలోచన లేకుండా పై గూటిలోదానికి అహోబిలం, కింది గూటిలోదానికి మహానంది అని కొట్టాడు. పైదాంట్లో ఇంటి ఫోటోలు, వీడియోలు. కిందిదాంట్లో అంగడి బిల్లులు. బిల్లులు నేనే కొట్టేదాన్ని.

తర్వాతి ఏడు ఆయన పోయాడు. గుండెపోటు. దాని గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. వంట చేశాను, బిల్లులు కొట్టాను. అప్పుడప్పుడూ అహోబిలం తెరిచి ఒక వీడియో చూసేదాన్ని. కొండెక్కేటప్పుడు ఆయన తీసింది. తీసేవాడు కనిపించడు కదా, తెర మీదంతా ఆయాసపడుతూ నేనే. ఆయన గొంతు మాత్రం వెనక నుంచి వినిపిస్తుంది. "మెల్లగా రా. రాళ్లు జారతాయి. నేనీడే ఉండా." ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే. చూసి ఏడ్చేదాన్ని కూడా కాదు. విని, మూసేసి, పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

ఏటిసూతకం తీరాక దసరా వచ్చింది. ఆయుధ పూజకు కోత మిషన్లు, తక్కెడ, కంప్యూటర్లు అన్నీ తుడిచి బొట్లు పెట్టడం మా ఇంట్లో ఆచారం. అంతకుముందు ఆ పని మా ఆయనది, ఈసారి మాతోనే ఉండే ఆయన అన్న, మా బావ చేశాడు. నెమ్మదైన మనిషి, ఏ పనైనా శ్రద్ధగా చేస్తాడు. డబ్బాలో బండల దుమ్ము పేరుకుపోయిందని రెండు డిస్కులూ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ దూర్చాడు. నేను గుమ్మం అవతల నిలబడ్డాను. ముట్టుకోవద్దని నాకెవరూ చెప్పలేదు. ముట్టుకోమనీ చెప్పలేదు. నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

ఆ తర్వాత డబ్బా ఎప్పటిలాగే నడిచింది. తెర మీద అహోబిలం, మహానంది రెండూ కనిపించేవి, అన్నీ తెరుచుకునేవి.

ఎండాకాలానికి బిల్లుల డిస్కు నిండిపోయింది. పెద్దది తెప్పిద్దామన్నాడు బావ. బిల్లులన్నీ అంగడి కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాను. కర్నూలులో మా ఆడబిడ్డ వాళ్ల అంగడికి డిస్కు కావాలంటే, కింది గూటిలోది తీసి బస్సులో పంపించేశాడు. కొత్తది వచ్చేదాకా డబ్బా ఆపి పెట్టాం. వచ్చాక ఆయనే దాన్ని కింది గూట్లో బిగించి నన్ను పిలిచాడు.

"పేరు పెట్టమ్మా."

మహానంది అని కొట్టాను. ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉందని తెర చెప్పింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే మాట. ఉన్నవేవో చూద్దామని జాబితా తెరిచాను. మహానంది ఉంది. అహోబిలం లేదు.

"బావా, మీరు పంపించింది అహోబిలం."

"కింది గూటిలోదే గదమ్మా పంపిచ్చినా. కిందిది మహానందే గదా."

"పూజ రోజు పైదీ కిందిదీ మార్చి పెట్టినట్టుండారు. డిస్కు యాడ పెట్టినా దాని పేరు దాంతోనే పోతాది బావా."

ఆయన డబ్బాకేసి చూశాడు. "దొంతరకైతే అట్ల కాదే," అని ఫోన్ తీసుకున్నాడు. అవతల మా ఆడబిడ్డ మొగుడు మాట్లాడింది నాకూ వినపడింది.

"నువ్వు చెప్పినట్టే దాంట్లోవన్నీ మొన్ననే తుడిచేసినాం బావా. మా లెక్కలన్నీ ఎక్కిచ్చినాం. శానా బాగుండాది."

ఫోన్ పెట్టేసి మా బావ అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. అందులో ఏముందని అడగలేదు. ఆ వీడియో నేను పెట్టుకున్నప్పుడల్లా ముందు గదిలో ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేవాడు. ఆయనకూ తమ్ముడే కదా. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకేమీ అనిపించలేదు. ఆయన మీద కోపం కూడా రాలేదు. రావాలని చూశాను, రాలేదు.

పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. అహోబిలం అని కొట్టాను. ఈసారి అది తీసుకుంది. తెరిస్తే లోపల ఏమీ లేదు.

పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని గుర్తొచ్చి లోపలికి పోయాను. పాలు కాగేదాకా అక్కడే నిలబడి ఆ మాటలు మనసులో అనుకున్నాను. మెల్లగా రా, రాళ్లు జారతాయి, నేనీడే ఉండా. ఒక్క మాట కూడా పోలేదు. కానీ ఎన్నిసార్లు అనుకున్నా అవి నా గొంతుతోనే వినిపించాయి.